మరో ఐదు వేలు వేస్తే కొనేది పదహారు పిప్పులే

ప్రశ్న: నేను యు.కె.లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానండీ. మాది భీమవరం దగ్గర పల్లె. 2024 ఆగస్టులో ఆన్‌లైన్‌లో ఒక ఫారెక్స్ రోబో (కరెన్సీలను తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రామ్) కొని, 5,000 డాలర్ల అకౌంట్ తెరిచి మెటాట్రేడర్ 5 అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. యూరో–డాలర్ జత ఒక్కటే ట్రేడ్ చేస్తుంది. 0.02 లాట్‌తో మొదలుపెట్టి, ధర ఎదురు తిరిగితే ప్రతి 20 పిప్పులకీ ముందుదానికి రెట్టింపు లాట్‌తో ఇంకో ఆర్డర్ వేస్తుంది. నష్టం ఒక హద్దు దాటితే ట్రేడ్‌ను మూసేసే స్టాప్‌లాస్ లేదు. ఏడు నెలల్లో ఒక్క వారం కూడా నష్టం చూడలేదు. నెలకు 100, 120 డాలర్లు వచ్చేవి. అవి తీసేసుకుంటూ అకౌంట్‌ను 5,000 దగ్గరే ఉంచేవాణ్ణి. 2025 మార్చి 3, సోమవారం 1.0400 దగ్గర అమ్మడం మొదలుపెట్టింది. బుధవారానికి 2,800 డాలర్లు పోయాయి. రోబో చేసే పనులు నమోదయ్యే జర్నల్ నిండా ‘నాట్ ఎనఫ్ మనీ’ అని వచ్చి, చివరికి బ్రోకరే అన్నీ మూసేశాడు. రోబో అమ్మినతను ‘తప్పు రోబోది కాదు, మీ డిపాజిట్ చిన్నది, ఇంకో 5,000 వేయండి’ అంటున్నాడు. వేయమంటారా? అసలు ఎంత లాట్ పెట్టాలో ఎలా తెలుస్తుంది? మొదట్లో నా లాభాలు చూసిన మా బావమరిది ఊళ్ళో తనూ మొదలుపెడతానని కూర్చున్నాడు. అతనికేం చెప్పమంటారు?

సమాధానం: వేయకండి.

మీరు అంకెలన్నీ శుభ్రంగా రాశారు కాబట్టి ఎందుకు వద్దంటున్నానో ఆ అంకెలతోనే చెప్తాను. ఒక కాగితం తీసుకుని నాతోపాటు లెక్కేయండి. యూరో–డాలర్‌లో ఒక లాట్ అంటే లక్ష యూరోలు, ఒక పిప్ అంటే నాలుగో దశాంశ స్థానం. కాబట్టి ఒక లాట్ మీద ఒక పిప్ కదిలితే 10 డాలర్లు. 0.02 లాట్ మీదైతే 20 సెంట్లు. మీరు మనసులో పెట్టుకున్న రిస్కు ఈ 20 సెంట్లే.

సోమవారం 1.0400 దగ్గర 0.02 అమ్మింది. ధర పైకి పోయింది, అమ్మినవాళ్ళకు ధర పెరిగితే నష్టం. 1.0420 దగ్గర 0.04, 1.0440 దగ్గర 0.08, 1.0460 దగ్గర 0.16, 1.0480 దగ్గర 0.32, 1.0500 దగ్గర 0.64. ఆరో ఆర్డర్ పడ్డ క్షణానికి తెర మీద నష్టం ఎంతో కూడి చూడండి. 228 డాలర్లు. అంతే. ఏడు నెలల్లో అలాంటి ఎర్ర అంకె మీరు చాలాసార్లు చూసి ఉంటారు, ‘మళ్ళీ వెనక్కొస్తుందిలే’ అనుకుని పడుకునీ ఉంటారు. కానీ ఆ క్షణానికి మీ చేతిలో ఉన్నది 0.02 లాట్ కాదు, అన్నీ కలిపి 1.26 లాట్లు. మొదలుపెట్టినదానికి 63 రెట్లు. పిప్‌కు 20 సెంట్లు కాస్తా 12 డాలర్ల 60 సెంట్లు అయింది. మార్కెట్ వంద పిప్పులు నడిస్తే పోయింది 228. ఇంకో వంద నడిస్తే పోయేది 1,260.

ఆ వారమే జర్మనీలో కొత్త ప్రభుత్వం ఏర్పాటుకు కూర్చున్న పార్టీలు మంగళవారం సాయంత్రం ఒక ప్రకటన చేశాయి. మౌలిక వసతులకు 500 బిలియన్ యూరోల నిధి, రక్షణ ఖర్చుకు అప్పు పరిమితి నుంచి సడలింపు. దాంతో యూరో పరుగందుకుంది. వారం మొదట్లో 1.04 ప్రాంతంలో ఉన్నది బుధవారం 1.07 దాటేసింది, వారాంతానికి 1.08 కూడా దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు ‘నాట్ ఎనఫ్ మనీ’ సంగతి. యు.కె.లో మనలాంటి చిన్న ఖాతాదారులకు పెద్ద కరెన్సీ జతల మీద 30 రెట్లకు మించి లెవరేజ్, అంటే మన డబ్బుకు అన్ని రెట్ల ట్రేడ్ చేసుకునే వీలు, ఇవ్వకూడదని నియమం. ఆ లెక్కన మీ 1.26 లాట్లు దాదాపు 4,400 డాలర్లను మార్జిన్‌గా, అంటే ట్రేడ్లకు హామీ సొమ్ముగా, పట్టేసుకున్నాయి. 1.0520 దగ్గర రోబో వేయబోయిన ఏడో ఆర్డర్ 1.28 లాట్లు. దానికి ఇంకో 4,490 కావాలి. మీ దగ్గర లేవు. అందుకే జర్నల్‌లో ఆ మాట. అక్కడి నియమం ఇంకోటి ఏమిటంటే, ఈక్విటీ, అంటే తెరిచి ఉన్న ట్రేడ్ల లాభనష్టాలు కూడా కలుపుకున్న అకౌంట్ విలువ, మార్జిన్‌లో సగానికి పడిపోతే బ్రోకర్ ఆర్డర్లు మూసేయాలి. 4,400లో సగం 2,200. అది తగిలే చోటు సుమారు 1.0704. మీ అకౌంట్‌లో ఇప్పుడు మిగిలింది కూడా అదే 2,200 కదా.

ఇక అమ్మినతని సలహా. అకౌంట్‌లో 5,000 కాకుండా 10,000 ఉండి ఉంటే? నేనూ మొదట ‘ఇంకొన్నాళ్ళు తట్టుకునేదేమో’ అనుకున్నాను. లెక్కేశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదివేలు ఉంటే ఆ ఏడో ఆర్డర్ ఆగదు, పడుతుంది. అప్పుడు మొత్తం 2.54 లాట్లు, పిప్‌కు 25 డాలర్ల 40 సెంట్లు. మార్జిన్ దాదాపు 8,890. దానిలో సగానికి ఈక్విటీ పడిపోయే చోటు 1.0720. అంటే మీరు ఆ 5,000 ముందే వేసి ఉంటే, బ్రోకర్ కత్తెర 1.0704 దగ్గర కాకుండా 1.0720 దగ్గర పడేది. అదే బుధవారం. పోయేది మాత్రం 2,800 కాదు, 5,550 దాకా. ఐదు వేల డాలర్లు పెట్టి మీరు కొనేది పదహారు పిప్పులు. యూరో–డాలర్‌కు పదహారు పిప్పులంటే టీ తాగి వచ్చేలోపు అయిపోయే దూరం. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఇదే.

మీది భీమవరం పక్క అన్నారు కాబట్టి ఇంకో మాట. సంక్రాంతికి బరుల పక్కన గుండాట చూసే ఉంటారు. పోయినప్పుడల్లా రెట్టింపు కాసేవాడు ఒకడుంటాడు. సాయంత్రం దాకా వాడిదే పైచేయి, చుట్టూ జనం. చీకటిపడ్డాక వాడే బండి తాళాలు ఎవరి దగ్గర పెట్టాలా అని చూస్తుంటాడు. మీ రోబో లోపల ఉన్నది ఆ పద్ధతే. ఇంగ్లీషువాళ్ళు మార్టింగేల్ అంటారు. అమ్మేవాళ్ళు ఆ పేరు వాడరు, ‘స్మార్ట్ రికవరీ’ లాంటి పేరేదో పెడతారు.

అమ్మినతను చూపించిన గ్రాఫ్ గురించి మీరు రాయలేదు గానీ, ఎలా ఉండి ఉంటుందో చెప్పగలను. ఎడమ నుంచి కుడికి నిచ్చెన వేసినట్టు పైకి వెళ్ళే గీత. అది బ్యాలెన్స్ గీత. మూసిన ట్రేడ్లు మాత్రమే దానిలోకి వస్తాయి. స్టాప్ లేని రోబో నష్టంలో ఉన్నవాటిని మూయదు కదా, గీత ఎందుకు పడుతుంది? చూడాల్సింది ఈక్విటీ గీత. ఒక పని చేయండి. హిస్టరీ తెరిచి, ఏడు నెలల్లో 0.32 లాట్ ఆర్డర్ ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. ప్రతి ఒక్కటీ మీరు కొండ అంచుదాకా వెళ్ళి వచ్చిన రాత్రి. లాభం లేక కాదు, ఆ లాభానికి ఎదురుగా ఎంత పణం పెట్టారో మీకెవరూ చెప్పలేదు.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. ఎంత లాట్?

చాలామంది ‘ఐదు వేలకు 0.05, పదివేలకు 0.1’ అని లాట్ ముందు అనుకుని తర్వాత మిగతావి చూస్తారు. లాట్ చివర తేలాల్సిన అంకె. ముందు తేలాల్సింది ఈ ఒక్క ట్రేడ్ పూర్తిగా తప్పైతే ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారన్నది. ఐదు వేల అకౌంట్‌లో నూటికి ఒక శాతం అనుకుందాం, 50 డాలర్లు. తర్వాత, ధర ఎక్కడికి పోతే మన అంచనా తప్పైనట్టు? అది చార్ట్ చూసి తేల్చుకోవాలి, మన జేబు చూసి కాదు. ఆ దూరం 25 పిప్పులైతే 50ని 25తో భాగిస్తే పిప్‌కు 2 డాలర్లు, అంటే 0.20 లాట్. అదే 80 పిప్పుల దూరమైతే పిప్‌కు 62 సెంట్లు, అంటే 0.06 లాట్. 0.062 వస్తే 0.07 చేయకండి, ఎప్పుడూ కిందికే. దూరం మారితే లాట్ మారింది, పోయే డబ్బు మాత్రం మారలేదు. రోబో చేయాల్సింది ఇంతే, ప్రతి ఆర్డర్‌కూ ఈ భాగహారం.

మీ రోబోకు స్టాప్ లేదు కాబట్టి ఈ భాగహారమే కుదరదు. దేనితో భాగిస్తారు?

పిప్ విలువ అన్ని జతల్లోనూ 10 డాలర్లు కాదన్నది మరిచిపోకండి. డాలర్–యెన్‌లో ఒక లాట్‌కు పిప్ వెయ్యి యెన్లు. డాలర్ 150 యెన్ల దగ్గరుంటే అది 6 డాలర్ల 67 సెంట్లు. బంగారంలో చాలామంది బ్రోకర్ల దగ్గర ఒక లాట్ వంద ఔన్సులు, ఔన్సు ధర ఒక్క డాలర్ కదిలినా వంద డాలర్లు. యూరోకు రాసిన రోబోను అదే లాట్‌తో బంగారం మీదికి లాగి పెట్టి మునిగినవాళ్ళు నాకు ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. రోబో ఈ విలువను బ్రోకర్ సర్వర్ నుంచి అడిగి తెలుసుకోవాలి, కోడ్‌లో ‘10’ అని రాసిపెట్టకూడదు. మీరు సాఫ్ట్‌వేర్‌వారు, నేను చెప్పక్కర్లేదు.

చెప్పక్కర్లేదు అంటూనే నా బుర్ర తక్కువతనం ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కింద నేనే ఒక రోబో రాసుకున్నాను. రెండు వేల డాలర్ల అకౌంట్, ఒక శాతం రిస్కు, 25 పిప్పుల స్టాప్. 0.08 లాట్ రావాలి. ఇప్పటి బ్రోకర్లు ధరను ఐదు దశాంశాలకు చూపిస్తారు, అందువల్ల ప్లాట్‌ఫామ్ భాషలో ఒక పిప్ అంటే పది పాయింట్లు. ఆర్డర్ పంపే చోట 25ను పిప్పులుగా సరిగ్గానే రాశాను. లాట్ లెక్కకట్టే చోట అదే 25 పాయింట్లుగా వెళ్ళింది. అంటే లెక్క రెండున్నర పిప్పులకు, స్టాప్ మాత్రం ఇరవై అయిదు పిప్పులకు. రాత్రి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. చూస్తే లాట్ కింద 0.80. రెండుసార్లు కళ్ళు నులుముకున్నాను, దశాంశం పక్కన సున్నా కనబడటం లేదు. చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచేసరికే స్టాప్ తగిలింది. 20 పోవాల్సిన చోట 200. అప్పటి నుంచి నేను రాసే ప్రతి రోబోలోనూ మొదటి వరుసల్లో ఒక గరిష్ఠ లాట్ రాసి ఉంటుంది. లెక్క ఏం చెప్పినా అది దాటి ఆర్డర్ వెళ్ళదు, జర్నల్‌లో గోల మాత్రం చేస్తుంది. మీరూ పెట్టుకోండి.

ఒక శాతమే ఎందుకు, ఐదెందుకు కాదు అని అడుగుతారు. రెండుకు ఒకటి గెలిచే రోబో ఉందనుకోండి. బొమ్మా బొరుసులాంటిది. మూడు వందల ట్రేడ్లలో ఎక్కడో ఒక చోట ఏడు నష్టాలు వరసగా వచ్చే అవకాశమే ఎక్కువ. అది రోబో పాడైందనడానికి గుర్తు కాదు, లెక్కల స్వభావమే అంత. ఒక శాతం పెడుతుంటే ఆ ఏడు నష్టాలకు అకౌంట్‌లో ఏడు శాతం కూడా పోదు. ఐదు శాతం పెడితే 30 శాతం పోతుంది, దాన్ని పూడ్చడానికి మిగిలినదాని మీద 43 శాతం సంపాదించాలి. పది శాతమైతే సగానికి పైగా పోతుంది, అక్కడి నుంచి డబ్బు రెట్టింపు చేస్తే గానీ మొదటికి రారు. అందులోనూ మనిషి ఆ స్థితిలో రోబోను దాని మానాన వదలడు. మధ్యలో ఆపేస్తాడు, మళ్ళీ పెడతాడు, సెట్టింగులు కెలుకుతాడు. టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయాల నష్టం పాత ధరల మీద రోబోను పరీక్షించే ఏ బ్యాక్‌టెస్ట్‌లోనూ కనిపించదు.

‘ఈ రోబోనే చిన్న లాట్‌తో, స్టాప్ పెట్టి నడుపుకోనా?’ అని మీకు అనిపిస్తుంది కాబట్టి అదీ లెక్కేశాను. ఆరు ఆర్డర్లనూ ఒకే ట్రేడ్‌గా చూడాలి. 0.01తో మొదలుపెట్టి, ఆరో ఆర్డర్ తర్వాత 30 పిప్పులకు మొత్తం మూసేసేలా స్టాప్ పెట్టామనుకోండి. ఆరో ఆర్డర్ దాకా నష్టం 114, ఆ పైన 0.63 లాట్ల మీద 30 పిప్పులకు 189. మొత్తం 303 డాలర్లు. ఐదు వేలల్లో ఆరు శాతం. 0.01 కన్నా చిన్న లాట్ మామూలు అకౌంట్లలో దొరకదు. ఒక శాతం రిస్కుతో దీన్ని నడపాలంటే మీకు ముప్పై వేల డాలర్ల అకౌంట్ కావాలి. మీ డిపాజిట్ చిన్నదని అమ్మినతను అన్నమాట ఆ రకంగా నిజమే. మీకు అమ్మేటప్పుడే ఆ మాట చెప్పి ఉండాల్సింది.

స్టాప్ పెట్టామని గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. స్టాప్ అంటే ‘ఆ ధర తగిలాక దొరికిన ధరకు మూసేయి’ అన్న ఆదేశమే. 2011 సెప్టెంబరు నుంచి స్విస్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకుల కిందికి పడకుండా కాపలా కాసింది. 2015 జనవరి 15న ఉన్నట్టుండి ఆ కాపలా ఎత్తేసింది. నిమిషాల్లో యూరో 1.20 నుంచి ఒక ఫ్రాంకు కిందికి పడిపోయింది. 1.1950 దగ్గర స్టాప్ ఉన్నవాళ్ళకు ఆ ధర దగ్గర కొనేవాడే లేడు. అల్పారి యు.కె. అనే బ్రోకర్ కంపెనీ దివాలా తీసింది. ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే ఇంకో బ్రోకర్ కంపెనీ 300 మిలియన్ డాలర్ల అత్యవసర రుణంతో బతికి బయటపడింది. ఇప్పుడు యు.కె.లో చిన్న ఖాతాదారుల బ్యాలెన్స్ సున్నా కిందికి పోకుండా రక్షణ ఉంది. అకౌంట్‌లో ఉన్నదంతా పోకుండా రక్షణ మాత్రం లేదు. కాబట్టి స్టాప్ దూరంతో పాటు, మొత్తం పొజిషన్ (తెరిచి ఉన్న ట్రేడ్ల విలువ) అకౌంట్‌కు ఎన్ని రెట్లుందో కూడా చూసుకోండి. ఐదు వేల అకౌంట్‌తో లక్షా ముప్పై వేల డాలర్ల యూరోలు అమ్మి కూర్చున్నారు మీరు. బ్రోకర్ 30 రెట్లు ఇస్తానన్నాడు కదా అని ముప్పై రెట్లూ తీసుకోవాలని లేదు. శుక్రవారం రాత్రి దాటి ఉంచే వాటికి నేనైతే మూడు రెట్లు కూడా దాటను.

రోబోలు రెండు మూడు పెట్టేవాళ్ళు ఇంకోటి మరిచిపోతారు. ఒకటి యూరో–డాలర్ కొంటే, ఇంకోటి పౌండ్–డాలర్ కొంటే, మూడోది ఆస్ట్రేలియా డాలర్ కొంటే, మూడు ట్రేడ్లనుకుంటారు. మూడూ అమెరికా డాలర్ పడుతుందన్న ఒకే పందెం. ఒక్కో శాతం చొప్పున వేసినా చేతిలో ఉన్నది మూడు శాతం రిస్కు. రోబోలు ఒకదాన్నొకటి చూసుకోవు, అకౌంట్ మొత్తాన్ని చూసే అడ్డుకట్ట మీరే పెట్టాలి. రోజులో ఈక్విటీ మూడు శాతం పడితే అన్నీ మూసేసి మర్నాటిదాకా ఏ రోబో ఆర్డర్ వేయకుండా ఆపేసే చిన్న కోడ్ చాలు.

ఇప్పుడు మీ దగ్గరున్న 2,200తో ఏం చేయాలంటే, ఈ రోబోను తీసేయండి. స్టాప్ ఉన్నది, రెట్టింపు చేయనిది మీరే రాసుకోండి, మీకు చేతనవుతుంది. ఒక శాతం అంటే 22 డాలర్లు, 40 పిప్పుల స్టాప్‌కు 0.05 లాట్ వస్తుంది. మొదటి మూడు నెలలు అది కూడా వద్దు, 0.01తోనే నడిపి, రోబో వేసిన లాట్‌నూ మీరు కాగితం మీద వేసిన లాట్‌నూ వారానికోసారి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిశాకే పెంచండి. పోయిన 2,800 ఎన్నాళ్ళలో తిరిగొస్తాయని మాత్రం లెక్కేయొద్దు. ఆ లెక్క మొదలుపెట్టిన రోజే లాట్ పెరుగుతుంది.

బావమరిది సంగతి. మీకు అక్కడ చట్టప్రకారం చెల్లేది ఇక్కడ చెల్లదు. భారతదేశంలో ఉన్నవాళ్ళు విదేశీ ఆన్‌లైన్ బ్రోకర్ల దగ్గర మార్జిన్ కట్టి ఫారెక్స్ ఆడటానికి విదేశీ మారక చట్టం ఫెమా కింద అనుమతి లేదు. విదేశాలకు డబ్బు పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ వెసులుబాటు మార్జిన్లకు వర్తించదు. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల పేర్లతో రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి ఒక అలర్ట్ లిస్ట్ పెడుతోంది. లిస్టులో పేరు లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదని కూడా అక్కడే రాసి ఉంటుంది. ఎన్‌ఎస్‌ఈ లాంటి ఎక్స్ఛేంజీల్లో డాలర్–రూపాయి కాంట్రాక్టులున్నాయి, ఒక్కోటి 1,000 డాలర్లది. కానీ 2024 మే నుంచి వాటిలోకి కూడా ఎగుమతో దిగుమతో లాంటి నిజమైన విదేశీ మారక అవసరం ఉన్నవాళ్ళే రావాలి. ‘యూపీఐలో వేయండి, డాలర్లు అకౌంట్‌లో పడతాయి’ అని ఎవరైనా అంటే, ఆ యూపీఐ ఎవరి పేరు మీద ఉందో చూడమనండి. రేపు ఆ డబ్బు తిరిగి రాకపోతే అతను ఏ స్టేషన్‌కు వెళ్ళి ఏమని ఫిర్యాదు ఇస్తాడు?

‘సరే బావా, నా డబ్బు నీ అకౌంట్‌లో కలిపి నువ్వే ఆడించు’ అంటాడు తర్వాత. దానికీ ఒప్పుకోకండి. పోతే పండక్కి అత్తారింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు? మార్చిలో పోయిన 2,800 సంగతి అతనికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ముందు అది చెప్పండి, స్టేట్‌మెంట్ కూడా చూపించండి.